కాలేజీ రైడర్ ప్రొ కబడ్డీ దాకా పోతడా?

సంక్రాంతికి పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు ఏ ఊరి టోర్నమెంట్ చూసినా ఒక్క మ్యాచ్‌లో పదిహేను, ఇరవై పాయింట్లు కొట్టే పిలగాడు ఒకడైనా కనిపిస్తాడు. "వీడు ప్రొ కబడ్డీలో తెలుగు టైటాన్స్‌కు ఆడాల్సినోడు" అని గట్టు మీద కూర్చున్నోళ్లు తీర్పు కూడా ఇచ్చేస్తారు. ఆ ఇరవై ఎట్లా వచ్చాయో మాత్రం ఎవరూ రాసుకోరు.

రాసుకోవాలి. రైడ్‌కు, అంటే కూతకు పోయిన ప్రతిసారికీ, ఒక వరుస చాలు. అవతల ఎంతమంది ఉన్నారు, ఎవరిని తాకాడు (చివర నిలబడే కార్నరా, లోపలి వైపు నిలబడే కవరా), చేత్తోనా కాలితోనా, బోనసా (ఎవరినీ తాకకపోయినా అవతలి బోనస్ గీత దాటితే వచ్చే పాయింటు), ఎన్నో సెకనుకు తిరిగొచ్చాడు, డూ ఆర్ డై రైడా (తప్పక పాయింట్ తేవాల్సినది) కాదా. ఐదు మ్యాచ్‌లు రాస్తే సుమారు ఎనభై రైడ్ల లెక్క చేతికొస్తుంది. ఒక పిలగాడు ఇరవై రైడ్లలో 12 పాయింట్లు తెచ్చాడనుకుందాం. అందులో ఆరు బోనస్‌లు. మూడు, అవతల ఇద్దరో ముగ్గురో మిగిలినప్పుడు ఖాళీ కోర్టులో వచ్చినవి. ఆరేడుగురు నిలబడ్డప్పుడు తాకి తెచ్చినవి మిగిలిన మూడే. తూకం వేయాల్సింది ఆ మూడింటినే.

బోనస్‌ను తీసిపారేయమని కాదు, అదీ విద్యే. కాకపోతే కాలేజీ మ్యాచ్‌లలో కార్నర్లు మడమలు ఎండ్ లైన్‌కు (కోర్టు వెనక గీతకు) అంటించి నిలబడతారు, బోనస్ దానం చేసినట్టే. మగవాళ్ల కోర్టులో బోనస్ గీతకు, ఎండ్ లైన్‌కు మధ్య ఉండేది 1.75 మీటర్లు. ముందు కాలు గీత దాటి ఆనేటప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి, అవతల కనీసం ఆరుగురు ఉండాలి. అంటే ఆ క్షణంలో ఒంటి బరువంతా ఒక్క చీలమండ మీదే. పెద్ద స్థాయి కార్నర్ ఒకటి రెండుసార్లు కావాలనే వదిలేస్తాడు, మూడోసారి సరిగ్గా ఆ చీలమండ మీద పడతాడు. అందుకే పిలగాడి భుజాలు గమనించండి. కాలు ఆనేసరికే భుజాలు మధ్య గీత వైపు తిరిగి ఉంటే పర్లేదు. తల వంచి గీతను చూసుకుంటూ కాలు పెట్టేవాడు పైస్థాయిలో మ్యాచ్‌కు రెండుసార్లైనా దొరుకుతాడు.

ఒకే కార్నర్ మీదికి పోయే అలవాటు ఇంకో రోగం. ప్రొ జట్లు వీడియో ముందేసుకుని కూర్చుంటాయి, రెండు మూడు మ్యాచ్‌లలో గుట్టు బయటపడుతుంది. రాసిన లెక్కలో టచ్‌లు దాదాపు అన్నీ ఒక పక్కే ఉంటే రెండో పక్కకు టో టచ్ (కాలి వేళ్లతో తాకడం) గానీ రన్నింగ్ హ్యాండ్ టచ్ (ఉరుకుతూ చేత్తో తాకడం) గానీ నేర్పించాలి. డుబ్కీ (డిఫెండర్ల చేతుల కింద నుంచి వంగి దూరి తప్పించుకోవడం) చూసి మురిసిపోవద్దు. 2017 ప్రొ కబడ్డీ సీజన్‌లో రైడర్ పర్‌దీప్ నర్వాల్ 369 రైడ్ పాయింట్లు తెచ్చాడంటే డుబ్కీ ఒక్కటే కాదు, దానికి ముందు డిఫెండర్‌ను ఎక్కడికి లాగాలో తెలియడం కూడా ఉంది.

మట్టి మీద ఆడినవాడిని మ్యాట్ మీద చూడకుండా ఏమీ తేల్చకూడదు. మట్టిలో కాలు కొంచెం జారుతుంది, ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలిక మోకాలి లిగమెంట్ మీద పడుతుంది. పరీక్ష సులువే: అడుగున్నర ఎత్తు దిమ్మ మీంచి ఒంటికాలి మీద దూకించండి. మోకాలు లోపలికి వంగితే ముందు తొడ, పిరుదు కండరాల మీద పని చేయించాలి, రైడింగ్ తర్వాత. 2022లో తమిళ్ తలైవాస్ జట్టు 2.26 కోట్లు పెట్టి కొన్న రైడర్ పవన్ సెహ్రావత్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది టైటాన్స్ 2.605 కోట్లకు తీసుకున్నది ఆయన్నే. పేరున్నవాడికి రెండో అవకాశం వస్తుంది. కొత్త పిలగాడికి రావడం కష్టం.

బరువు సంగతి. సీనియర్ మగవాళ్లకు 85 కిలోలు గరిష్ఠం. అరవై కిలోల పిలగాడు కాలేజీలో చేపలా జారిపోతాడు గానీ పైన ఒక్క డాష్‌తో (డిఫెండర్ ఒంటితో గుద్ది నెట్టడంతో) లాబీ, అంటే కోర్టు పక్క పట్టీ, అవతల పడతాడు. అట్లని ఆరు నెలల్లో పది కిలోలు ఎక్కిస్తే వేగం పోతుంది. నాలుగైదు కిలోలు, అదీ కాళ్లకు, నడుముకు.

దమ్ము తెలిసేది రెండో సగం చివరి ఐదు నిమిషాల్లో. అప్పటికి పదిహేనుసార్లు కూతకు పోయి ఉంటాడు. రెండు ఖాళీ రైడ్లయ్యాక మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే అవుట్. అలాంటప్పుడు ఇరవై సెకన్లు అటూ ఇటూ తిరిగి చివర్లో ఉరికేవాడు ఒకడు, పది సెకన్లలోపే ఎవరిని కొట్టాలో తేల్చుకునేవాడు ఇంకొకడు. నా ఓటు రెండోవాడికే, పాయింట్లు కాస్త తక్కువైనా సరే.

కాకతీయ యూనివర్సిటీ జట్టులో చోటు, సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ, రాష్ట్ర జట్టు సెలక్షన్లు అన్నీ దారిలో మెట్లే. ఈలోగా పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటేనో కాదో చూసుకోండి. వీడియో పంపాలంటే హైలైట్స్ వద్దు, దొరికిపోయిన రైడ్లతో సహా పూర్తి మ్యాచ్‌లు పంపండి. ఒక ఫోన్ బోనస్ గీతకు సూటిగా పక్కన పెడితే కాలు దాటిందో లేదో తెలుస్తుంది. రెండోది ఎండ్ లైన్ వెనక, కాస్త ఎత్తులో.