స్కూల్ ఆటల ఫోటోలు: అమ్మానాన్నలు ఏ ఫోటోకి డబ్బులిస్తారు

స్కూల్ ఆటల పోటీల్లో ఫోటోలు తీసి అమ్ముదామనుకునే జూనియర్లు నన్ను ముందుగా అడిగేది ఏ లెన్స్ కొనాలి అక్కా అని. లెన్స్ సంగతి చెప్తాను కానీ దానికంటే ముందు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. కప్పు పట్టుకుని నిలబడ్డ టీమ్ ఫోటో ఎంత బాగా తీసినా ఎవరూ కొనరు, ఎందుకంటే అదే సమయంలో పీఈటీ సార్, టీచర్లు, చుట్టూ ఉన్న పిల్లలు అందరూ ఫోన్లలో తీసేసి ఉంటారు, మనం స్టేజీ దిగేలోపే అది వాట్సాప్ గ్రూపులో పడిపోతుంది. అమ్మానాన్నలు డబ్బిచ్చి తీసుకునేది తమ బిడ్డ ఒక్కడే పెద్దగా కనపడే ఫోటో. వాడు గెలిచాడా ఓడాడా అన్నది వాళ్ళకి రెండో విషయం. నాలుగో స్థానంలో వచ్చిన పాప పళ్ళు బిగించి పరిగెత్తే ఫోటోని వాళ్ళ నాన్న పెద్ద సైజులో ఫ్రేమ్ కట్టించుకున్నారు, అదే రేసులో ఫస్ట్ వచ్చిన పాప ఇంట్లో వాళ్ళు ఫైల్ పంపితే చాలన్నారు.

అందుకే నేను మ్యాచ్ మొదలవకముందే రెండు జట్ల జెర్సీ నంబర్లు ఒక కాగితం మీద రాసుకుంటాను, ఫోటో పడ్డ నంబర్‌కి టిక్ పెడతాను. ఆట సగం అయ్యేసరికి ఎవరికి టిక్ పడలేదో చూసి వాళ్ళ వెంట పడతాను. బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్ పిల్లలు కూడా ఆ లిస్టులో ఉంటారు. వాళ్ళు గ్రౌండ్‌లోకి రాకపోవచ్చు, కానీ తోటివాళ్ళకి నీళ్ళ సీసా అందిస్తూనో, లేచి నిలబడి అరుస్తూనో ఉంటారు, అవి చాలా మంచి ఫోటోలు. పైగా అలాంటి పిల్లాడి అమ్మకి ఆ రోజు ఆట గురించి చూపించడానికి ఇంకేమీ ఉండదు కదా. ఇది వ్యాపారం కోసం చెప్తున్నానా, పిల్లల మీద ఇష్టంతో చెప్తున్నానా అంటే రెండూ. నాకు ఈ రెండూ వేరుగా కనపడవు.

నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. మా దగ్గర స్కూల్ ఆటల సీజన్ వర్షాకాలంలోనే మొదలవుతుంది. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం అని చాలా బడుల్లో ఆటలు పెడతారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు అండర్-14, అండర్-17 అని మండల స్థాయి నుంచి జిల్లా స్థాయికి వెళ్తాయి. ఇక ప్రైవేట్ స్కూళ్ళ స్పోర్ట్స్ డేలు చలికాలంలో. ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళది) ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ తర్వాత నుంచి ఆడపిల్లల పరుగు ఫోటోలు అడిగే నాన్నలు ఎక్కువయ్యారని నాకనిపిస్తుంది. బిడ్డ పరిగెత్తడం ఇంట్లో గోడకి పెట్టుకోదగ్గ విషయం అయింది, నాకు అది చాలా సంతోషం.

ఇప్పుడు కెమెరా. కానన్ 1500డీ లాంటి మామూలు కెమెరా, 55-250 ఎంఎం లెన్స్ చాలు, సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. అది సెకనుకి మూడు ఫోటోలే తీస్తుంది కాబట్టి బటన్ నొక్కిపట్టి ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకుంటే కుదరదు, ఆట తెలిసి ముందే నొక్కాలి. షట్టర్ వేగం 1/1000 దగ్గర, అంటే సెకనులో వెయ్యో వంతు దగ్గర పెట్టండి, ఫోకస్ కదిలే మనిషిని వదలకుండా పట్టుకునే మోడ్‌లో ఉండాలి, కానన్‌లో దాన్ని ఏఐ సర్వో అంటారు, నికాన్‌లో ఏఎఫ్-సీ. ఫ్లాష్ మాత్రం వద్దు. బంతి మీద, ఎదుటివాడి మీద కళ్ళు పెట్టిన పిల్లాడి మొహం మీద లైటు కొట్టడం తప్పు. ఇండోర్ హాల్‌లో ఇంకో చిక్కు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని రకాల లైట్లు సెకనుకి 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతూ ఉంటాయి, షట్టర్ వేగం పెంచేకొద్దీ ఒక ఫోటో పసుపుగా, ఇంకోటి చీకటిగా వస్తుంది. నేను అలాంటి చోట తక్కువ వేగంలో పిల్లలు ఒక్క క్షణం ఆగే ఘడియల్ని వెతుక్కుంటాను, సర్వీస్ వేసే ముందు, విజిల్ పడగానే.

కబడ్డీ దగ్గర ఎక్కడ కూర్చోవాలన్నది అన్నిటికంటే ముఖ్యం. చాలామంది కోర్టు పక్కన, నడి గీత దగ్గర నిలబడతారు, అక్కడి నుంచి వీపులు, మోచేతులే వస్తాయి. ఒక జట్టు వెనక గీత దగ్గర, లైన్ అంపైర్‌కి అడ్డం రాకుండా, నేల మీద కూర్చోండి. ఆ జట్టు పిల్లాడు కూతకి వెళ్ళి, ఎదుటివాళ్ళు పట్టు వేశాక నడి గీత కోసం చెయ్యి చాచి దూకుతాడు చూడండి, అప్పుడు వాడి మొహం మనవైపే ఉంటుంది, వాడి కాలు పట్టుకున్న ముగ్గురి మొహాలు కూడా. ఒక్క ఫోటోలో నలుగురు పిల్లలు, నాలుగు ఇళ్ళు. కూతకి 30 సెకన్లే సమయం, దాదాపు చివర్లోనే గొడవంతా జరుగుతుంది, మొదట్లోనే మెమరీ కార్డు నింపుకోకండి. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి కాబట్టి మనం కదలకపోయినా రెండో జట్టు మన ముందుకి వస్తుంది. ఖోఖోకి పోల్ దగ్గర, లాంగ్ జంప్‌కి ఇసుక గుంటకి ఎదురుగా కింద కూర్చుని, పరుగుకి ఫినిష్ గీత దాటి కాస్త అవతల. మధ్యాహ్నం ఎండలో కళ్ళ కింద నల్లగా పడుతుంది, పొద్దున, మూడున్నర తర్వాత తీసినవే ఎక్కువ కొంటారు.

ప్రింట్ల దగ్గర ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మన కెమెరా ఫోటో మూడుకి రెండు కొలతలో ఉంటుంది, అందుకని 4x6, 8x12, 12x18 సైజులు సరిగ్గా సరిపోతాయి. 5x7, 8x10 అంటే ల్యాబ్ వాళ్ళు అంచులు కోస్తారు, కబడ్డీ ఫోటోలో ఆ అంచునే చాచిన చెయ్యి ఉంటుంది. ఫైల్ కొన్నవాళ్ళకి వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే బాగా కుదించేస్తుంది, వాళ్ళు ప్రింట్ వేయించుకుని మసకగా ఉందని మనల్నే అంటారు. నా రేట్లు ఫైల్‌కి 50, లామినేషన్ చేసిన 8x12కి 200. డబ్బులు ముందే, క్యూఆర్ కోడ్ మెడలో ఐడీ కార్డు వెనకే ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, ఎండలో కూర్చుని చేసిన పనికి అడుగుతున్నాం.

ఇక అనుమతి. హెడ్మాస్టర్ దగ్గర కాగితం మీద సంతకం లేకుండా నేను బ్యాగ్‌లోంచి కెమెరా తీయను. చిన్న నోట్ ఒకటి ముందే పేరెంట్స్ గ్రూపులో పెట్టించుకుంటాను, మా పాప ఫోటో వద్దు అంటే ఆ నంబర్ తీయను, తప్పిపోయి పడితే చెరిపేస్తాను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే, వాళ్ళ విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం లేకపోయినా నేను ఇలాగే చేస్తాను. ఆడపిల్లల ఆటల్లో పడినప్పుడు, లేచినప్పుడు బట్టలు పక్కకి జరిగిన ఫోటోలు వస్తాయి, అవి ఇంకెవరి కంటా పడకముందే, గ్రౌండ్‌లోనే చెరిపేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు, స్కూల్, క్లాసు పెట్టి పిల్లల ఫోటోలు వేసేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టిన లింకు గ్రూపులో ఇస్తే సరిపోయే పని అది.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒకసారి ఒక ప్రైవేట్ స్కూల్ వాళ్ళు నేను ఒక అమ్మకి అమ్మిన ఫోటోని ఎక్కడినుంచో తీసుకుని అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద వేశారు. ఆ తల్లి నాకు ఫోన్ చేసి, బిడ్డా నువ్విచ్చినవా అని అడిగింది, ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. వెళ్ళి అడిగితే మీకే పబ్లిసిటీ కదమ్మా అన్నారు. చట్టం చూపించాక ఫ్లెక్సీ దింపారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది, ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు డబ్బిచ్చినవాళ్ళది. మనంతట మనం తీసి అమ్ముకుంటే హక్కు మనదే, ప్రింట్ కొన్నంత మాత్రాన అది చేతులు మారదు. కాబట్టి స్కూల్ మిమ్మల్ని రోజు కూలికి పిలిస్తే, ఆ ఫోటోలు ప్రకటనలకి వాడకూడదని ముందే ఒక పేజీ రాయించి సంతకం పెట్టించుకోండి.

సర్కారు బడి, గురుకులం పిల్లల దగ్గర నేను డబ్బులు తీసుకోను. హాస్టల్‌లో ఉండే పిల్లల అమ్మానాన్నలు పని మానుకుని మ్యాచ్ చూడటానికి రాలేరు, వాళ్ళ పిల్లాడు ఆడటం వాళ్ళు ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. పీఈటీ సార్‌కి 4x6 ప్రింట్లు కట్ట కట్టి ఇస్తాను, వెనక నంబర్ రాసి, పండక్కి ఇంటికి పోయేటప్పుడు తీసుకెళ్తారు. ప్రైవేట్ స్కూళ్ళలో అమ్మిన ఫోటోల మీద వచ్చే డబ్బుల్లోంచి ఆ ఖర్చు వెళ్ళిపోతుంది. ఇలా ఇవ్వడం రేటు పాడు చేయడం అని ఒకరిద్దరు ఫోటోగ్రాఫర్లు అన్నారు, నేను ఒప్పుకోను, కొనలేని వాళ్ళకి ఇస్తే కొనేవాళ్ళెవరూ తగ్గలేదు.

ఈ ఏడాది మొదలుపెట్టాలనుకునే వాళ్ళు దసరా సెలవులు అయిపోగానే స్కూళ్ళకి వెళ్ళి హెచ్‌ఎంలని కలవండి, ఫోన్‌లో కాకుండా నాలుగు ప్రింట్లు చేతిలో పట్టుకుని వెళ్ళండి. సంక్రాంతి దాటాక వెళ్తే పదో తరగతి స్పెషల్ క్లాసులు, ప్రీఫైనల్స్ అంటారు, ఇక గ్రౌండ్ తాళం తీయరు.