పేరు చెప్పని జబ్బు

2024 అక్టోబరులో మా చర్చి సంఘంలో కోత పండుగ జరిగిన ఆదివారం నేను నిలబడి చెప్పిన సాక్ష్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. ఏడాదికి పైగా వెన్ను నొప్పితో బాధపడ్డాననీ, కాళ్లలో బలం తగ్గి మంచాన పడిన నన్ను దేవుడు తిరిగి నిలబెట్టాడనీ, అందుకు ఆయనకు కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తున్నాననీ చెప్పి, కానుక కవరు పళ్లెంలో వేసి వచ్చి కూర్చున్నాను. సంఘమంతా ఆమెన్ అన్నది. అయితే ఆ సాక్ష్యంలో నా జబ్బు పేరు లేదు, దాన్ని నయం చేస్తున్న మందు పేరు లేదు, ఆ మందును నెలనెలా నా చేతిలో పెడుతున్న మనిషి ఊసు అసలే లేదు. మూడింటినీ తెలిసే దాచాను.

నొప్పి 2023 వానాకాలంలో మొదలైంది. నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. నల్లబల్ల మీద పద్యం రాయడానికి చేయి పైకెత్తినప్పుడల్లా వీపు మధ్యలో ఎవరో వేలితో గట్టిగా నొక్కినట్టుండేది. మా మెట్టుగూడకు దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉందని, కండరం పట్టేసిందని చెప్పి, నొప్పి మాత్రలూ ఫిజియోథెరపీ రాసిచ్చారు. ఈ జబ్బు తొలి నెలల్లో ఎక్స్‌రేకు దొరకకపోవచ్చునని తరువాత తెలుసుకున్నాను గనుక వారి మీద నాకు పెద్దగా కోపం లేదు. కానీ సాయంత్రం పూట సన్నగా వచ్చే జ్వరం గురించి, రాత్రి పడుకుంటే తగ్గవలసిన నొప్పి పడుకున్నాకే పెరగడం గురించి, 61 కిలోల నుంచి 47 కిలోలకు జారిపోయిన బరువు గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సంక్రాంతి సెలవుల్లో ఒకనాడు ఇంటి మెట్లెక్కి పైకి వచ్చాక చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది ఎక్కడ జారిపోయిందో నా పాదానికి తెలియలేదు. ఆ రోజు మొదటిసారి భయపడ్డాను.

ఫిబ్రవరిలో తీసిన ఎమ్మారైలో ఛాతీ వెనుక భాగంలోని రెండు వెన్నుపూసలు, వాటి మధ్యనున్న డిస్కు తినివేయబడి ఉన్నాయి. అక్కడ చేరిన చీము వెన్నుపామును నొక్కుతోంది. సూదితో తీసిన నమూనాను, రోగక్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు పంపారు. ప్రభుత్వ ఆసుపత్రిలోని డాక్టరుగారు ఫలితం చూసి, ఇది వెన్నెముకకు వచ్చిన క్షయ అనీ, ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి నా నుంచి ఎవరికీ సోకదనీ, కాళ్లలో ఇంకా కొంత బలం ఉంది గనుక ముందు మందులతోనే చూద్దామనీ, కనీసం పన్నెండు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా వాడాలనీ చెప్పారు. ఆ మాటల్లో నా చెవికి ఎక్కింది ఒక్కటే. రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న ఈ రోగానికి కారణమైన క్రిమిని ప్రకటించి నూట నలభై ఏళ్లు దాటినా, మా ఇళ్లలో ఆ జబ్బు పేరును ఇప్పటికీ గొంతు తగ్గించే పలుకుతారు. ఆటోలో తిరిగి వస్తూ మా వారితో, "ఎవరడిగినా డిస్కు జారిందని చెప్పండి" అన్నాను.

మార్చి నుంచి చికిత్స మొదలైంది. నడుముకు, వీపుకు గట్టి పట్టీ. రెండు నెలల పాటు నాలుగు మందులు కలిపిన మాత్రలు, ఆ తరువాత మూడు మందులవి. బరువును బట్టి మాత్రల లెక్క. ఉదయం పరగడుపున మింగితే మధ్యాహ్నం దాకా వికారం. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పినా, మొదటి రోజు అది చూసి రక్తమనుకుని అత్తయ్యను కేకేశాను. మందు ఉచితం. పోషకాహారం కోసం నిక్షయ్ పథకం కింద నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడేవి. నవంబరు నుంచి అది 1000 అయింది. భాష చెప్పేదాన్ని గనుక ఆ పేరు పెట్టినవారిని మనసులో మెచ్చుకున్నాను గానీ, బ్యాంకు నుంచి సందేశం రాగానే ఎవరూ చూడకుండా తుడిచేసేదాన్ని.

మందులు పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి ఆశ కార్యకర్త తెచ్చేది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, ఆమే వద్దన్నది. మొదటి నెల ఆమె యూనిఫారం చీరలో, సంచీతో మా గేటు దగ్గర నిలబడగానే ఎదురింటివారు చూశారు. రెండో నెల నుంచి నేనే ఫోను చేసి, మెట్రో స్టేషను మెట్ల దగ్గరికి రమ్మనేదాన్ని. నడవలేని రోజుల్లో మా అబ్బాయి వెళ్లి తీసుకునేవాడు. ఏప్రిల్, మే నెలల ఎండలో ఆమె ఆ మెట్ల కింద నిలబడి, ఖాళీ అట్టలు తీసుకుని లెక్క చూసుకుని, కొత్తవి ఇచ్చి వెళ్లేది. ఇంటికి ఎందుకు రావద్దన్నానో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

జూన్‌కల్లా కాళ్లకు బలం వచ్చింది. జులైలో ఆరాధనకు నడిచి వెళ్లాను. అక్టోబరులో కోత పండుగ. పొలం ముఖం చూడని మేమంతా శనివారం మోండా మార్కెట్టుకు వెళ్లి గుమ్మడికాయలు, అరటి గెలలు కొని, ఆదివారం వాటిని మా పంటలో ప్రథమ ఫలాలన్నట్టు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన కాగానే వేలంలో మళ్లీ మేమే కొనుక్కుంటాం. నాకు ఆ పండుగంటే ఇష్టమే. అయితే ఆ ఏడు నేను అర్పించిన సాక్ష్యం కూడా ఆ గుమ్మడికాయ లాంటిదేనని అప్పుడు తట్టలేదు.

ఆ రాత్రి నిజామాబాదు నుంచి మా పిన్ని ఫోను చేసింది. బంధువుల్లో జబ్బు సంగతి తెలిసింది ఆమెకొక్కతెకే. "సంఘంలో స్వస్థత అయిందని సాక్ష్యం చెప్పి ఇంకా మాత్రలు మింగుతావా? అది అవిశ్వాసం కాదా?" అన్నది. నిజం చెప్పాలంటే, ఆ వికారంతో విసిగిపోయిన నాకు ఆ మాట తీయగా వినిపించింది. ఆరు రోజులు మానేశాను. నెలాఖరులో మెట్ల దగ్గర అట్టలు లెక్కబెట్టిన ఆశ కార్యకర్త తలెత్తి చూసి, "ఆరు దినాలయి మిగిలినయి మేడమ్. ఎందుకు మింగలే?" అన్నది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినకుండా అక్కడే పై అధికారికి ఫోను చేసి, నన్ను మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మధ్యలో మానితే క్రిమి మందుకు లొంగకుండా పోయే ప్రమాదముందని డాక్టరుగారు కోప్పడ్డారు.

ఇంట్లో విషయం తెలిసి, నాలుగో తరగతితో చదువాపేసిన మా అత్తయ్య చెప్పిన మాట ఏ ప్రసంగంలోనూ వినలేదు. "నయమానును యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడు ప్రవక్త. మూడో మునకకే ఒళ్లు తేలికయిందని గట్టెక్కి సాక్ష్యం చెప్పుకుంటే ఏమయ్యేవాడమ్మా? మునుగు. లెక్క పూర్తి కానీ."

ఆ రాత్రి రాజుల రెండవ గ్రంథం అయిదో అధ్యాయం తీశాను. సిరియా సైన్యాధిపతి నయమాను బాగుపడ్డాక ఎలీషా దగ్గరికి తిరిగి వచ్చి కానుక పుచ్చుకొమ్మని బతిమాలాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ ఈసారి నా చూపు మొదటి వచనాల దగ్గరే ఆగిపోయింది. షోమ్రోనులో ఒక ప్రవక్త ఉన్నాడని, అతని దగ్గరికి వెళ్తే యజమానికి నయమవుతుందని చెప్పింది ఇశ్రాయేలు దేశం నుంచి చెరపట్టి తెచ్చిన ఒక చిన్నది, నయమాను భార్యకు ఊడిగం చేసే పిల్ల. ఆమె పేరు గ్రంథంలో లేదు. నయమాను ఇంటికి పోయాక ఆ పిల్లను పిలిచి ఒక మంచి మాట అన్నాడో లేదో కూడా గ్రంథం చెప్పదు. మెట్రో మెట్ల దగ్గర ఎండలో నిలబడిన మనిషి గుర్తుకు వచ్చి పుస్తకం మూశాను.

కృతజ్ఞత అనే మాటను ముప్పై ఏళ్లుగా పిల్లలకు విడదీసి చెబుతున్నాను. కృతం అంటే చేయబడినది. దాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఎరుక లేకుండా పలికే వందనం ఎంత భక్తిగా పలికినా ఆ మాటకు సరిపోదు. లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు "దూరమున నిలిచి" కేకలు వేస్తారు. యాజకులకు కనబడమన్న మాట విని పదిమందీ బయలుదేరుతారు. దారిలోనే పదిమందీ శుద్ధులవుతారు. తొమ్మిదిమందిని మనం తేలికగా నిందిస్తాం గాని, వారు చెప్పినట్టే చేశారు. నేనూ అంతే, చెప్పిన మాత్ర మింగాను, నా దారిన పోయాను. పదోవాడు తనకు స్వస్థత కలగడం "చూచి" తిరిగి వచ్చాడు. ఆ చూడడమే ఎరుక. "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అన్న ప్రశ్నకు ఒక జవాబు నా దగ్గరుంది: ఒకరు మెట్టుగూడలో ఉన్నారు, జబ్బు పేరు దాచుకుని. ఈ పోలిక వట్టి అలంకారం కూడా కాదు. కుష్ఠుకూ క్షయకూ కారణమైన క్రిములు ఒకే కుటుంబానివి. 1981 నుంచి కుష్ఠుకు వాడుతున్న బహుళ ఔషధ చికిత్సలో నేను మింగిన రిఫాంపిసినే ఉంది. మా అమ్మమ్మగారి ఊరికి పోయేటప్పుడు దారిలో డిచ్‌పల్లి వచ్చేది. అక్కడ ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు మిషనరీ డాక్టరు గత శతాబ్దం తొలినాళ్లలో పెట్టిన కుష్ఠు ఆసుపత్రి వైపు చూడవద్దని, బస్సు కిటికీ దగ్గర అమ్మ నా తల తిప్పేది. తల తిప్పుకోవడం నాకు కొత్తగా వచ్చిన విద్య కాదు.

నవంబరులో మా పాస్టరు అయ్యగారు ప్రార్థనకు వచ్చినప్పుడు ఆయనకు మొత్తం చెప్పాను. చెప్పాక అడిగాను: "జబ్బు ఇచ్చినందుకు కూడా వందనం చెప్పాలా అయ్యగారూ? నా నోరు రాదు." ఆయన నవ్వి, "మీరు విభక్తులు చెప్పే టీచరు కదా, పౌలు మాట చూడండి" అన్నారు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఉన్నది "ప్రతి విషయమునందును" అని. అందు అనేది సప్తమి. జబ్బు కొరకు కాదు, జబ్బులో ఉండగా అని అర్థం. అయితే ఎఫెసీయులకు రాసిన పత్రికలో "సమస్తమునుగూర్చి" అని ఉంది, అది ద్వితీయ. అదీ పౌలు మాటే కదా అని నేను తిరిగి అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ప్రభు రాత్రి భోజనంలో తాను ఏటా ఎన్నోసార్లు చదివే మాటలే దానికి తనకు తెలిసిన జవాబన్నారు. తనను అప్పగించబోతున్న రాత్రి యేసు రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. లూకా పదోవాడి వందనానికి వాడిన గ్రీకు క్రియనే ఇక్కడా వాడాడు. ఆ భోజనానికున్న యూకరిస్టు అనే పేరు దాని నుంచే వచ్చింది. ఆ వందనం రొట్టె గురించి, తండ్రి గురించి. మేకుల గురించి కాదు. అయినా మేకులు వస్తున్నాయని తెలిసే చెప్పాడు. ఆ వివరణ నాకు పూర్తిగా సరిపోయిందని అనను. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దాన్నీ మన గ్రంథంలో ఉంచారన్నది నాకు అంతకంటే ఎక్కువ ఊరట.

లేవీయకాండం ఏడో అధ్యాయంలో కృతజ్ఞతార్పణకు ఒక నియమం ఉంది. ఆ బలి మాంసాన్ని ఆ రోజే తినాలి, మర్నాటికి మిగల్చకూడదు. ఒక పశువును ఒక కుటుంబం ఒక్కరోజులో తినలేదు, పదిమందిని పిలవక తప్పదు. వారు వచ్చాక ఏం జరిగిందని అడుగుతారు. జరిగింది చెప్పక తప్పదు. దాచుకుని తినే వీలు లేని అర్పణ అది.

2025 మార్చిలో చివరి మాత్ర మింగాను. ఎమ్మారై చూసి డాక్టరుగారు చికిత్స ముగిసిందన్నారు. ఆ శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి సంఘస్థులను, ఎదురింటివారిని, ఆశ కార్యకర్తను పిలిచాను. ఆమె ఆలస్యంగా, సంచీతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఈసారి నిలబడి జబ్బు పేరుతో మొదలుపెట్టాను. ఆరు రోజులు మానిన సంగతి, మెట్రో మెట్ల సంగతి అన్నీ చెప్పాను. ముందు వరుసలో ఒకావిడ మెల్లగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. ఇది అంటుకునే రకం కాదని చెప్పినా తీయలేదు. అత్తయ్య మాత్రం ఆవిడకే మొదట బిరియానీ వడ్డించింది.

అందరూ తింటుండగా నేను ఆశ కార్యకర్త దగ్గరికి వెళ్లి, ఆమె చేతులు పట్టుకుని, చెప్పాలనుకున్నది చెప్పబోయాను. గొంతు రాలేదు. ఆమె కాసేపు చూసి, చేతులు మెల్లగా విడిపించుకుని సంచీలోంచి కార్డు తీసింది. "ఈడ సంతకం పెట్టుండ్రి మేడమ్. కోర్సు అయిపోయిందని రాయాలె. ఇంక రెండిండ్లకు పోవాలె నేను."

సంతకం పెట్టాను. పొట్లం కట్టిచ్చిన బిరియానీ సంచీలో పెట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే, మా క్వైరులో పాడే అమ్మాయి ఒకతె కంచం పక్కన పెట్టి, చేయి కూడా కడుక్కోకుండా ఆమె వెంట దిగింది. గేటు దగ్గర ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆశ కార్యకర్త రిజిస్టరు తీసి ఏదో రాసుకోవడం పైనుంచి కనిపించింది.