హవాయికి కుక్కతో: టికెట్ కన్నా ముందు రక్తపరీక్ష

డిసెంబర్ 20న సియాటిల్ నుంచి హొనలులు. పని మొదలుపెట్టింది మాత్రం ఆగస్టులో. ఇంట్లో లాబ్రడార్ ఉన్నవాళ్లకి హవాయి సెలవు అంటే ముందు క్యాలెండర్, తర్వాతే బీచ్.

అమెరికాలో రేబిస్ లేని రాష్ట్రం హవాయి ఒక్కటే. 1912 నుంచి అక్కడ జంతువులకు క్వారంటైన్ చట్టం ఉంది. 1991లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఓడ కంటైనర్లో దొరికిన ఒక్క గబ్బిలానికి రేబిస్ ఉన్నట్టు తేలింది. దాన్ని గడప దగ్గరే పట్టుకున్నారు. అందుకే సియాటిల్ కుక్కయినా సికింద్రాబాద్ కుక్కయినా అక్కడి అధికారులు కాగితం చూడందే బయటికి వదలరు. (మన లక్షద్వీప్‌లోకైతే కుక్కను అసలు రానివ్వరు. ఆ లెక్కన హవాయి నయమే.)

కావలసినవి: చర్మం కింద పెట్టే, నంబరున్న మైక్రోచిప్, కనీసం 30 రోజుల తేడాతో వేయించిన రెండు రేబిస్ టీకాలు, టీకా పనిచేసిందో లేదో చూసే ఎఫ్‌ఏవీఎన్ అనే రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఫలితం. ఆ రక్తం ల్యాబ్‌కి చేరిన మర్నాటి నుంచి 30 రోజులు గడవాలి. 2018కి ముందు ఈ గడువు 120 రోజులుండేది. పాత సలహాలు చదివి హడలిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వరుస తప్పకూడదు. చిప్ ముందు, రక్తం తర్వాత. పరీక్ష ఫారం మీద చిప్ నంబర్ ఉండాలి, దాన్నిబట్టే ఆ రక్తం ఏ కుక్కదో అధికారులు తేలుస్తారు. మా దగ్గర డాక్టర్‌గారు పాత ఫైల్లోంచి నంబర్ ఎక్కించబోతుంటే ఆపి, స్కానర్ పెట్టించి, తెరమీది పదిహేను అంకెలూ ఒక్కొక్కటే పైకి చదివి రాయించాం. చాదస్తంలాగే కనిపిస్తుంది. కానీ ఒక్క అంకె తారుమారైతే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. ట్యూబు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్‌కి వెళ్లింది. ఫలితం వారాల మీద వస్తుంది కాబట్టి సెప్టెంబర్ మధ్యలోనే పంపేశాం. ఒకసారి పాసైతే 36 నెలలు చెల్లుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది టీకా తేదీ దగ్గర. ఆఖరి టీకా వేయించి, దిగే రోజుకి 30 రోజులు నిండాలి, అప్పటికి దాని గడువూ తీరిపోకూడదు. ప్రయాణానికి వారం ముందు "ఎందుకైనా మంచిదని" బూస్టర్ వేయిస్తే ఆ 30 రోజులు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. డిసెంబర్ 20న దిగాలంటే టీకాకి ఆఖరి రోజు నవంబర్ 20. మేం అక్టోబర్ మొదటి వారంలోనే కానిచ్చేశాం.

దిగేరోజుకి 10 రోజుల ముందే దరఖాస్తు ఫారం, రెండు టీకా సర్టిఫికెట్లు, ఫీజు అక్కడి పశుశాఖకి చేరాలి. మేం వెళ్లేనాటికి ఎయిర్‌పోర్టులోనే విడిపించుకోవడానికి 185 డాలర్లు. కాగితాలు ఆలస్యమైతే 244 డాలర్లు కట్టి, ఐదు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచాల్సి రావచ్చు. అర్హతే లేకపోతే 120 రోజులు, 1,080 డాలర్లు. హెల్త్ సర్టిఫికెట్, పిడుదుల మందు మాత్రం మరీ ముందు పనికిరావు, దిగే రోజుకి 14 రోజుల లోపువే కావాలి. ఫిప్రోనిల్ లాంటి, ఎక్కువ రోజులు పనిచేసే మందు పేరు, వేసిన తేదీ సర్టిఫికెట్‌లో రాయించాలి. రెవల్యూషన్ అనే మందు ఇక్కడ చెల్లదు. ఆ ఒక్క పేరు మూలంగా కౌంటర్ దగ్గర ఆగిపోవచ్చు.

విమానం సంగతి. హవాయికి చాలా ఎయిర్‌లైన్స్ కుక్కను క్యాబిన్‌లో ఎక్కించుకోవు. మనిషి టికెట్ కొనేముందే ఫోన్ చేసి కుక్కకి చోటుందో లేదో అడగాలి. లాబ్రడార్ ఎలాగూ కార్గోలోనే. క్రేట్‌లో తల తగలకుండా నిలబడాలి, చుట్టూ తిరగగలగాలి. పై సగాన్నీ కింది సగాన్నీ ప్లాస్టిక్ క్లిప్పులతో కాదు, ఇనుప బోల్టులతో బిగించాలి. నీళ్ల గిన్నెలో ముందురాత్రి నీళ్లు గడ్డకట్టించి పెట్టాం, ఎక్కించేటప్పుడు ఒలకవు, మెల్లగా కరుగుతాయి. మత్తు మందు వద్దు. పైన ఊపిరికీ రక్తపోటుకీ ప్రమాదం, తెలిస్తే ఎయిర్‌లైన్ ఎక్కించుకోదు కూడా.

హొనలులులో కుక్క మనతో బయటికి రాదు. ఎయిర్‌లైన్ మనుషులే దాన్ని ఎయిర్‌పోర్టులోని క్వారంటైన్ కేంద్రానికి చేరుస్తారు, మనం అక్కడికి వెళ్లాలి. తనిఖీ సాయంత్రం 5 లోపు పూర్తికాకపోతే రాత్రికి హలావా లోయలోని క్వారంటైన్ స్టేషన్‌కి తరలిస్తారు. అందుకే మధ్యాహ్నానికి ముందు దిగే విమానమే మేలు. అధికారి స్కానర్‌తో చిప్ చదివి కాగితంతో పోల్చింది. తర్వాత చేతివేళ్లు చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో పోనిచ్చి పిడుదుల కోసం తడిమింది. ఒకటి దొరికినా వైద్యం మన ఖర్చే.

హొనలులులో విడుదలైతే అక్కడినుంచి పక్క దీవి మావీకి వెళ్లడం తేలిక. అలాకాక అమెరికా మెయిన్‌ల్యాండ్ నుంచి నేరుగా మావీలోనో, బిగ్ ఐలండ్ అనే మరో దీవిలోని కోనాలోనో దిగాలంటే వేరే పర్మిట్, అక్కడ తనిఖీకి ప్రైవేటు డాక్టర్, ఇంకా ముందుగా కాగితాలు కావాలి. మేం ఆ జోలికి పోలేదు.

ఈ దీవుల్లో కుక్కను తిరగనిచ్చే చోట్లు తక్కువ. హొనలులులోని డైమండ్ హెడ్ కొండ ఎక్కనివ్వరు. మావీలోని హలేయకలా నేషనల్ పార్కులో ఆరడుగుల లీష్‌తో రోడ్లు, పార్కింగ్, క్యాంప్ స్థలం వరకే. ట్రయిల్ మీదికి అడుగుపెట్టనివ్వరు. కారణం నెనె అనే పెద్దబాతు. గుడ్లు నేలమీదే పెడుతుంది. 1950ల మొదట్లో అడవిలో ఓ ముప్ఫై మాత్రమే మిగిలాయి. అక్కడ మేం వంతులవారీగా నడిచాం, ఒకరు ట్రయిల్ మీద, ఒకరు కుక్కతో. ఇసుకలో మొద్దులా పడి ఉండేది నిజంగా మొద్దో, నిద్రపోతున్న మాంక్ సీల్ అనే సముద్ర జంతువో దగ్గరికెళ్తే గాని తెలియదు. అందుకే దగ్గరికి వెళ్లొద్దు, 50 అడుగుల దూరం ఉంచాలి.

బీచ్ పైభాగాన నీడనిచ్చే కియావె చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. ముళ్లు కూడా ఆ వంశానివే. ఎండు కొమ్మ ఇసుకలో కూరుకుపోయి ముల్లు మాత్రం పైకి నిక్కి ఉంటుంది. కుక్క కుంటితే పాదం మెత్తల మధ్య తడిమి చూడాలి. పైకి నల్లచుక్కలా కనబడుతుంది, పట్టకారుతో లాగితే అంగుళం బయటికొస్తుంది. చీకటిపడ్డాక వానపడిన పచ్చికలో విషపు కప్పలు తిరుగుతాయి. కుక్క వాటిని నోట కరుచుకుంటే నురగ కక్కుతుంది, చిగుళ్లు ఎర్రబడతాయి. తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవాలి, నీళ్లు గొంతులోకి పోకుండా తల కిందికి వంచి పక్కనుంచి కడగాలి, వెంటనే డాక్టర్ దగ్గరికి. జలపాతం కింది గుంటల్లో లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు భయం ఉంది. దాని టీకా రెండు డోసులు, మధ్య రెండు నుంచి నాలుగు వారాలు. ఇది హవాయి అడిగే కాగితాల్లో లేదు, కాబట్టి చాలామంది మర్చిపోతారు.

వారం రోజుల ట్రిప్పుకైతే కుక్కను ఇంటిదగ్గరే ఎవరికైనా అప్పగించండి. మూడు వారాలైతే ఈ తంటా పడొచ్చు. తిరుగు ప్రయాణానికి ఎయిర్‌లైన్ అడిగితే హెల్త్ సర్టిఫికెట్ మళ్లీ కొత్తది కావాలి, ఆ అపాయింట్‌మెంట్ మావీలో దిగిన రోజే తీసుకున్నాం.