ఫానీ రాసుకున్న పన్నెండు నెలలు

వారం రోజులుగా రాత్రి అన్నం తిన్నాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే పియానో సంగీతం వింటున్నాను. ఫానీ హెన్సెల్ 1841లో బెర్లిన్‌లో రాసిన 'దస్ యార్'. జర్మన్‌లో 'సంవత్సరం' అని అర్థం. నెలకొకటి చొప్పున పన్నెండు భాగాలు, చివర్లో చిన్న ముగింపు.

పేరున్న జర్మన్ సంగీతకర్త ఫెలిక్స్ మెండెల్సన్‌కి అక్క. ఇన్నాళ్లూ ఈవిడ గురించి నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే. తమ్ముడితో పాటే సంగీతం నేర్చుకుంది. కానీ వాడికది వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారంగానే ఉండాలని 1820లో తండ్రి ఉత్తరం రాశాడు. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు! అది చదివిన రోజు చాలాసేపు మనసు మనసులో లేదు.

మార్చి దగ్గర నేను ఆగిపోయాను. మొదట్లో అంతా దిగులు, అలజడి. అందులోంచి ఒక ఈస్టర్ కీర్తన మెల్లగా పైకి వస్తుంది. పోను పోను పెద్దదై, చర్చి గంటల్లా గదంతా నిండిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు కళ్లు చెమర్చాయి. సెప్టెంబర్ వేరే రకం, నది ఒడ్డున కూర్చున్నట్టు ఉంటుంది. చుట్టూ స్వరాలు నీళ్లలా పారుతుంటే మధ్యలో పాట ఒక్కటే నిదానంగా సాగుతుంది.

భర్త విల్‌హెల్మ్ చిత్రకారుడు. రంగు కాగితాల మీద ఆమె రాసుకున్న ప్రతికి ఆయనే బొమ్మలు వేశాడు. 1847లో ఒక రిహార్సల్ మధ్యలో కుప్పకూలి, నలభై ఒక్క ఏళ్లకే ఆమె పోయింది. ఈ సంగీతం పూర్తిగా అచ్చయింది 1989లో.

ఈ రాత్రి మళ్లీ జనవరి నుంచి మొదలుపెడతాను.