ఒక్క & కోసం రెండు గంటలు

'ఫైల్ దొరకలేదు.' పదోసారి అదే మాట.

దొరకకపోవడమేంటి, రికార్డింగ్ సెట్‌టాప్ బాక్స్‌లో నిక్షేపంగా ఉంది. రిమోట్‌తో నొక్కితే టీవీలో ఆడుతోంది కూడా. ల్యాప్‌టాప్‌లో సెట్‌టాప్ బాక్స్ పేజీ తెరిచి నొక్కితేనే ఈ గోల.

వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ లైవ్ అది. అమ్మ రికార్డు పెట్టించుకుంది. పేరు 'ఎంగిలిపూలు & సద్దులు'. పెట్టింది నేనే లెండి.

ముందు తెలుగు అక్షరాలనే అనుమానించాను. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు, లింకులో బారెడు శాతం గుర్తులు. చూస్తేనే భయం. తీరా అవన్నీ సరిగ్గానే వెళ్తున్నాయి! తేడా మధ్యలో ఉన్న & దగ్గర. లింకులో దానికి 'ఇక్కడితో ఒక విలువ అయిపోయింది' అని అర్థం. బాక్స్‌కు చేరింది 'ఎంగిలిపూలు' ఒక్కటే. సద్దులు గల్లంతు.

లినక్స్‌తో నడిచే బాక్స్, లోపలికి వెళ్లి మార్చుకోవచ్చు కాబట్టి పేజీ స్క్రిప్ట్ తెరిచి & ను లింకుల్లో దానికి బదులు రాసే %26గా పంపేలా మార్చాను. మళ్లీ అదే మాట. చూస్తే %2526! నేను ఒకసారి మార్చినదాన్ని కింద ఇంకో ఫంక్షన్ మళ్లీ మారుస్తోంది. శాతం గుర్తే %25 అయి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏం రా, ఇంకా వస్తలేదా? రిమోట్‌తో వస్తది గదా" అంది అమ్మ.

వస్తుంది. కానీ పట్టుదల ఉంటుంది కదా.

ఆ రెండో ఫంక్షన్ తీసేశాక ఆడింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికొచ్చి, "అగో, మన గల్లీ వదిన!" అంది.