ఎల్లోరాలో ఒక బుధవారం: ఏ గుహ ఏ వేళకు

బుధవారం. ఎల్లోరాకి మంగళవారం సెలవు, అజంతాకి సోమవారం. ఈ చిన్న సంగతి చూసుకోకుండా టికెట్లు బుక్ చేసుకుంటే మూసిన గేటు ముందు నిలబడాల్సి వస్తుంది. శని, ఆదివారాల్లో జనం విపరీతం. మిగిలిన రోజుల్లో ఏదైనా మంచిదే, ఉదయం ఎనిమిదిన్నర దాకా దాదాపు ఖాళీ.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకి అజంతా ఎక్స్‌ప్రెస్ సుఖం. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి ఔరంగాబాద్, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్. అక్కణ్ణుంచి ఎల్లోరా 30 కిలోమీటర్లు. మనవాళ్లలో ఎక్కువమంది షిర్డీ ప్యాకేజీలో వస్తారు. షిర్డీ దర్శనం, ఘృష్ణేశ్వర జ్యోతిర్లింగం, ఈ రెంటి మధ్య ఎల్లోరాకి ఒక గంట. ఆ గంటలో అయ్యేది కొండలోనే తొలిచిన కైలాసం గుడి ముందు ఫోటో, ఒక ప్రదక్షిణం, అంతే. 34 గుహలు రెండు కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉన్న కొండ ఇది. 1 నుంచి 12 బౌద్ధం, 13 నుంచి 29 హైందవం, 30 నుంచి 34 జైనం. ఒక రోజు పూర్తిగా పెట్టుకోవాలి. నంబర్ల వరుసలో తిరగనూ కూడదు. కొండ ముఖం పడమరకు. పొద్దున గుహల లోపల చీకటిగా ఉంటుంది, ఎండ మధ్యాహ్నం తరవాతే లోపలికి దిగుతుంది. వెలుతురునీ జనాన్నీ లెక్కలో పెట్టుకుని తిరగడమే పద్ధతి.

సూర్యోదయానికి తెరుస్తారు. టికెట్ 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. సరాసరి 16వ నంబరుకి, అంటే కైలాసానికి. అయితే లోపలికి కాదు, ముందు పక్క దారిన కొండ ఎక్కాలి. పైనుంచి చూడకుండా కిందికి దిగినవాళ్లకి అది రాళ్లు పేర్చి కట్టిన గుడిలాగే కనిపిస్తుంది. పైనుంచి చూస్తే కొండ నడుమ ఒక గొయ్యి, గొయ్యి మధ్యలో మిగిలిన రాయే గుడి. గొయ్యి పొడవు సుమారు 276 అడుగులు, వెడల్పు 154, వెనక గోడ దగ్గర లోతు 107 అడుగులు. తవ్వి పారేసిన రాయి రెండు లక్షల టన్నుల దాకా ఉంటుందని అంచనా వేస్తారు.

పని ఇలా సాగింది. మూడు వైపులా నిలువుగా కందకాలు తీసి, మధ్యలో పెద్ద దిమ్మను వదిలారు. ఆ దిమ్మను శిఖరం నుంచి మొదలుపెట్టి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ఇందులో లాభం ఏమిటంటే పరంజా అక్కర్లేదు, నిలబడటానికి ఇంకా తొలవని రాయే నేల. శిఖరం మీద నగిషీ అయిపోయేసరికి మండపం ఇంకా రాతి ముద్దగానే ఉంటుంది. నష్టం కూడా అక్కడే. కట్టుడు గుడిలో రాయి పాడైతే మార్చుకోవచ్చు. ఇక్కడ ఉలి పొరపాటున లోతుగా దిగితే పోయిన రాయి తిరిగి రాదు. కాబట్టి కింద ఏనుగుల వరుస ఎక్కడ రావాలో శిఖరం చెక్కే రోజునే తేల్చుకుని ఉండాలి. ఆ లెక్క వేసినవాళ్ల పేర్లు మనకు మిగల్లేదు. చేయించినవాడు మాత్రం రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడు, ఎనిమిదో శతాబ్దం. నమూనా మాత్రం పూర్తిగా కొత్తది కాదు. కర్ణాటకలోని పట్టదకల్లు విరూపాక్షాలయం చూసినవాళ్లకి పోలిక ఇట్టే తెలుస్తుంది.

కిందికి దిగాక తొందరపడి మెట్లెక్కి గర్భగుడికి పోకూడదు. ముందు ఆవరణ చుట్టూ ఒకసారి. ప్రవేశంలో గజలక్ష్మి. అటూ ఇటూ రెండు ఏకశిలా ధ్వజస్తంభాలు, రెండు ఏనుగులు. దక్షిణం గోడ మీద రామాయణం, ఉత్తరం గోడ మీద భారతం, వరుసలు వరుసలుగా చిన్న చిన్న బొమ్మల్లో. దక్షిణం వైపే రావణుడు కైలాసాన్ని ఎత్తే శిల్పం. చాలామంది దాన్ని ఎదురుగా నిలబడి చూసి ఫోటో తీసుకుని పోతారు. పక్కకి జరిగి చూస్తే రావణుడి శరీరం గోడ నుంచి ఎంత విడివడి ఉందో, అతని చుట్టూ ఎంత చీకటి గూడు తొలిచారో అర్థమవుతుంది. పైన పార్వతి బెదిరి శివుడి చెయ్యి పట్టుకోవడం, కింద ఆ చీకటి, రెండూ కలిస్తేనే ఆ దృశ్యం. నా మట్టుకు ఎల్లోరా మొత్తంలో ఒక్కటే చూడనిస్తామంటే ఇదే.

తలెత్తి చూస్తే పక్క వరండాకి వెళ్లే రాతి వంతెన కూలిపోయిన ఆనవాళ్లు కనిపిస్తాయి. గోపురానికీ నందిమండపానికీ మధ్య ఉన్నవి నిలిచే ఉన్నాయి. ఇక్కడి రాయి బసాల్ట్, లావా పొరలు పొరలుగా పారి గట్టిపడింది. పొర మధ్యభాగం గట్టిగా, నగిషీకి లొంగేలా ఉంటుంది. రెండు పొరలు కలిసే చోట, నిలువు పగుళ్లున్న చోట నీళ్లు ఊరుతాయి, రాయి పొట్టు రాలుతుంది. శిల్పాల ముఖాలు చెదిరిన ప్రతిచోటా మనుషుల చేతినే అనుమానించనక్కర్లేదు, కొన్ని చోట్ల నీటి చార కూడా కనిపిస్తుంది.

ఎనిమిదిన్నరకల్లా బస్సులు దిగుతాయి. అప్పుడు బౌద్ధ గుహలకి జరుక్కోవాలి. ఇక్కడ టార్చి తప్పనిసరి, ఫోను దీపం చాలదు. దీపాన్ని శిల్పం ఎదుట పట్టుకుంటే బొమ్మ చదునైపోతుంది. చెయ్యి చాచి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యాలి, నీడ పడితేనే ముక్కూ పెదవీ లేచి వస్తాయి. కెమెరా ఫ్లాష్ వాడనివ్వరు, స్టాండు పెట్టాలంటే విడిగా అనుమతి కావాలి. 5వ గుహలో నేల మీద రెండు పొడవాటి రాతి బల్లలు హాలు ఆ చివర దాకా ఉంటాయి. 2, 3, 4 గుహలు త్వరగా చూసినా పోయేదేమీ లేదు. 11ని దో తాల్, అంటే రెండంతస్తులది, అంటారు కానీ ఉన్నవి మూడు అంతస్తులు. కింది అంతస్తు మట్టిలో పూడిపోయి 1876లో బయటపడింది. 12, తీన్ తాల్, బయటినుంచి హాస్టల్ కట్టడంలా బోడిగా ఉంటుంది. అది చూసి లోపలికి రాకుండా పోయేవాళ్లున్నారు. మెట్లు నిలువుగా ఉంటాయి, ఎక్కండి. పై అంతస్తులో వెనక గోడకి అటు ఏడుగురు, ఇటు ఏడుగురు బుద్ధులు. గోడల మీద అక్కడక్కడ మిగిలిన మట్టిపూతని కూడా చూడాలి. ఇక్కడి బౌద్ధ గుహల మట్టిపూతలో గంజాయి మొక్క నార కలిపినట్టు పరీక్షల్లో తేలింది. పురుగు పట్టకుండా పూత నిలవడానికి అది పనికొచ్చిందని పరిశీలించినవాళ్ల అభిప్రాయం.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు తిండికి, నీడకి. చేతిలో సంచీ, అరటిపండు పట్టుకుని తిరిగితే కోతులు లాక్కుంటాయి. చెప్పులు విడవాల్సిన చోట నల్లరాయి అరికాళ్లు కాలుస్తుంది, మందపాటి సాక్సులుంటే బతికిపోతాం. వర్షాకాలంలో వచ్చేవాళ్లకి జలపాతాలు అదనం. అయితే నాచు పట్టిన మెట్లు జారతాయి, 29వ గుహ దగ్గర మరీ జాగ్రత్త.

రెండున్నరకి 15, దశావతార గుహ. ముందు మండపం మీద రాష్ట్రకూట రాజు దంతిదుర్గుడి శాసనం ఉంది. మేడ మీద హిరణ్యకశిపుణ్ణి పట్టుకున్న నరసింహుడు. అహోబిలం, సింహాచలం మూర్తులు కంటికి అలవాటైన మనకి ఇది వేరుగా తోస్తుంది. చీల్చడం ఇంకా మొదలవలేదు, చెయ్యి మీద చెయ్యి పడిన క్షణం అది. 21లో వరండా పక్కన మకరం మీద గంగ.

జైన గుహలకి కిలోమీటరు పైనే, మినీ బస్సు ఉంటుంది. చివరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే అడిగి పెట్టుకోవాలి. 32, ఇంద్రసభ. ఏనుగు మీద కూర్చున్న యక్షుణ్ణి ఇంద్రుడనుకోవడం వల్ల ఆ పేరు పడింది. పై అంతస్తు స్తంభాలు, కప్పులోని పద్మం, మామిడిచెట్టు కింద జైన యక్షిణి అంబిక, అన్నీ మెరుగుపెట్టినట్టు పూర్తయ్యాయి. కింది అంతస్తుకి వస్తే పని సగంలో ఆగిపోయి ఉంది. పొద్దున కైలాసం గట్టు మీద నిలబడి ఊహించుకున్నది ఇక్కడ కళ్లెదుట ఉంటుంది: పైది ముగించాకే కిందిది. డబ్బు ఆగినా, పాలన మారినా, అసంపూర్తిగా మిగిలేది ఎక్కువగా అడుగుభాగమే. కట్టుడు గుడుల్లో ఇది తలకిందులు, అక్కడ ఆగిపోయేది గోపురం. 30వ గుహ, చోటా కైలాస్, కూడా పూర్తికాని పనే. అందుకని దాన్ని వదిలెయ్యకండి.

నాలుగున్నరకి వెనక్కి 10వ నంబరుకి. దీన్ని వడ్రంగి గుడిసె అంటారు. కప్పుకి రాతిలోనే చెక్కదూలాల్లా పక్కటెముకలు తొలిచారు, అవి ఏ బరువూ మొయ్యవు. ఈ వేళకి పడమటి ఎండ మేడమీది కిటికీలోంచి లోపలికి వస్తుంది. మార్చిలో కొన్ని సాయంత్రాలు సరిగ్గా బుద్ధుడి ముఖం మీద పడుతుంది. జనవరిలో అంత సూటిగా కాదు, అయినా టార్చి అక్కర్లేనంత వెలుతురు. మేడ వరండాలోకి ఎక్కి చిన్నగా పలికినా గొంతు కప్పంతా తిరిగి వస్తుంది.

ఘృష్ణేశ్వరం ఇక్కడికి దగ్గరే. గర్భగుడిలోకి మగవాళ్లు చొక్కా విప్పాలి, పంచె ఉంటే సులువు. సాయంత్రం దర్శనానికి ఓపిక మిగిలితే సరే. దారిలోని దౌలతాబాద్ కోటని మాత్రం ఈ రోజుకి తగిలించుకోవద్దు. ఒకప్పటి దేవగిరి అది, కాకతి గణపతిదేవుణ్ణి చెరపట్టిన యాదవుల రాజధాని. ఎక్కి దిగడానికి రెండు గంటల పైనే పడుతుంది, మధ్యలో చీకటి సొరంగం ఉంది, పొద్దు వాలాక పైకి పోనివ్వరు. మర్నాడు ఉదయం పెట్టుకోండి.