నల్లగొండ చెల్కల్లో లెక్కల పుస్తకం: ఇప్పటిదాకా అయిన పని

పదో తరగతి, ఇంటర్ పుస్తకాల్లోని సూత్రాలతో ఊళ్లో నిజంగా అక్కరకొచ్చే కొలతలు తీయడం ఈ పని. పుస్తకంలో భుజాలు, కోణాలు ముందే ఇచ్చి ఉంటాయి. పొలంలో అవి మనమే తెచ్చుకోవాలి. సూత్రం వేయడం అరనిమిషం పని. ఏ కొలతను ఎంత జాగ్రత్తగా తీయాలి, అందులో తేడా వస్తే జవాబు ఎంత మారుతుంది అన్న దగ్గరే అసలు లెక్క ఉంది. నల్లగొండ చుట్టుపక్కల చెల్కల్లో (మెట్ట పొలాల్లో), బత్తాయి తోటల్లో ఇంతవరకు అయినవి కింద రాస్తున్నాను.

గుంటల లెక్క

33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఎకరం. మూలలు సరిగ్గా లంబంగా ఉన్న మడిలో 33 అడుగుల తాడు వేసి, పొడవు ఎన్ని తాళ్లు, వెడల్పు ఎన్ని తాళ్లు అని గుణిస్తే నేరుగా గుంటలే వస్తాయి. అయితే తాడు లాగితే సాగుతుంది, తడిస్తే ఇంకో కొలత చూపిస్తుంది. 50 మీటర్ల ఫైబర్ టేపు మేలు.

మన చెల్కలు చాలావరకు వంకరటింకరగానే ఉంటాయి. ఎదురెదురు గెట్లను (హద్దు గట్ల పొడవులను) కూడి సగం చేసి, వచ్చిన రెండింటినీ గుణించడం ఊళ్లో వాడుక. మడి నిఖార్సైన దీర్ఘచతురస్రమైతే తప్ప, ఈ పద్ధతి ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. నాలుగు కర్రలను మూలల్లో ఒక్కో మేకుతో బిగించి పక్కకు నెడితే చట్రం ఒరుగుతుంది. కర్రల పొడవు మారదు, లోపలి జాగా మాత్రం తగ్గుతుంది. అందుకే నాలుగు గెట్లు కొలిస్తే చాలదు, ఒక కర్ణం కూడా కావాలి.

వరుసగా 50, 40, 58, 44 మీటర్ల గెట్లున్న ఒక చెల్క తీసుకుందాం. 50, 40 గెట్లను ఒకవైపు ఉంచుతూ వేసిన కర్ణం 60 మీటర్లు. 50, 40, 60 త్రిభుజానికి హెరాన్ సూత్రం (మూడు భుజాల నుంచే విస్తీర్ణం తీసేది) వేస్తే 992 చదరపు మీటర్లు, 60, 58, 44 త్రిభుజానికి 1203. మొత్తం 2195, అంటే 21.7 గుంటలు. వాడుక పద్ధతిలో 54ను 42తో గుణిస్తే 2268, అంటే 22.4 గుంటలు. తేడా 87 చదరపు గజాల దాకా ఉంది. అమ్మకంలోనైనా అన్నదమ్ముల పంపకంలోనైనా ఇది వదిలేసే జాగా కాదు.

రెండో కర్ణం కూడా కొలిచి లెక్కను మళ్లీ వేయాలి. రెండు జవాబుల మధ్య ఒక శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే ఏదో ఒక కొలత తప్పినట్టే. చాలాసార్లు మధ్యలో తుమ్మకంపకు టేపు చిక్కి వంగడమే కారణం. ఒడ్డు ఎక్కి దిగే చోట టేపును నేలకు ఆనించి పరచకూడదు. అడ్డంగా మట్టంగా పట్టి, దారానికి గుండు వేలాడదీసి మెట్టుమెట్టుగా కొలవాలి. 10 డిగ్రీల వాలు మీద నేలకు ఆనించి కొలిస్తే పొడవు ఒకటిన్నర శాతం ఎక్కువొస్తుంది. పొడవులన్నీ ఒక శాతం తప్పితే విస్తీర్ణం రెండు శాతం తప్పుతుంది. ఎకరంలో అది 97 చదరపు గజాలు.

బోరు నీళ్లు

బోరులో రెండించుల నీళ్లు పడ్డాయంటే, దాని మీద తోట లెక్క వేయలేం. గంటకు ఎన్ని లీటర్లో కావాలి. అందరూ బకెట్ పెట్టి చూస్తారు. 15 లీటర్ల బకెట్ ఐదారు సెకన్లలో నిండిపోతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో అర సెకను అటూ ఇటూ అయితే దాదాపు తొమ్మిది శాతం తప్పు. 200 లీటర్ల డ్రమ్ము 75 సెకన్లకు నిండితే అదే అర సెకను ఒక శాతం కూడా కాదు. డ్రమ్ము అంచుదాకా 200 లీటర్లని నమ్మొద్దు. 20 లీటర్ల క్యానుతో పదిసార్లు పోసి, నీటిమట్టం దగ్గర గీత పెట్టుకోవాలి. 75 సెకన్లంటే సెకనుకు 2.67 లీటర్లు, గంటకు 9600.

మోటరు వేసిన వెంటనే కొలిస్తే లెక్క ఉబ్బుతుంది. బోరులో నిలువ ఉన్న నీళ్లు ముందు వస్తాయి. మట్టం కిందికి దిగినకొద్దీ మోటరు ఎక్కువ లోతు నుంచి ఎత్తాలి, పోత తగ్గుతుంది. గంటసేపు నడిచాక కొలవాలి. వోల్టేజీ పడిపోయిన వేళ తీసిన కొలతను పక్కన వేరేగా రాసుకోవాలి.

డ్రమ్ము లేనిచోట ఇంటర్ ఫిజిక్సులోని ప్రక్షేపకమే (విసిరిన వస్తువు పడే తీరు లెక్కే) దారి. పైపు మట్టంగా, నిండుగా పారుతుండాలి. పైపు లోపలి పై అంచు ఎత్తు నుంచి నీటిధార పైభాగం 30 సెం.మీ. పడేసరికి ఎంత ముందుకు దూకిందో కొలవాలి. 30 సెం.మీ. పడడానికి 0.247 సెకను పడుతుంది. ధార 32 సెం.మీ. దూకితే వేగం సెకనుకు 1.29 మీటర్లు. పైపు లోపలి వ్యాసం 5.2 సెం.మీ. అయితే సెకనుకు 2.75 లీటర్లు. డ్రమ్ము లెక్కకు ఇది మూడు శాతం తేడాలో ఉంది, మంచిదే. అదే వ్యాసాన్ని రెండించులంటే ఐదు సెం.మీ. కదా అని వేస్తే, వర్గం అవుతుంది కాబట్టి జవాబు ఏడెనిమిది శాతం పడిపోతుంది. పైపు కొస పైకి లేచి ఉన్నా, సగమే నిండి పారుతున్నా ఈ పద్ధతి పనికిరాదు.

బత్తాయికి డ్రిప్

20 అడుగుల దూరంలో నాటితే ఎకరానికి 109 చెట్లు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: చదరపు మీటరు మీద ఒక మి.మీ. నీళ్లంటే ఒక లీటరు. మండు వేసవిలో కొలత తొట్టిలో (పాన్‌లో) రోజుకు 8 మి.మీ. ఆవిరి అనుకుని, దాన్ని పొలం లెక్కకు మార్చే పాన్ గుణకం 0.7, ఆ పంట వాడకాన్ని చెప్పే పంట గుణకం 0.7 వేస్తే 3.9 మి.మీ. చెట్టు గుబురు 4 మీటర్ల వ్యాసముంటే విస్తీర్ణం 12.6 చదరపు మీటర్లు, కావలసింది రోజుకు 49 లీటర్లు. చెట్టుకు గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగుంటే గంటన్నర చాలు. ఎకరానికి గంటకు 3500 లీటర్లు పడుతుంది. పైన చెప్పిన బోరు ఒకేసారి రెండు ముప్పావు ఎకరాలకు సరిపోతుంది.

గుబురు వ్యాసాన్ని కంటి అంచనాతో రాయొద్దు. ఉత్తర దక్షిణంగా ఒకసారి, తూర్పు పడమరగా ఒకసారి కొలిచి సగటు తీయాలి. పది శాతం ఎక్కువ రాస్తే నీళ్లు 21 శాతం ఎక్కువ పోతాయి. రెండు మీటర్ల లేత చెట్టుకు నాలుగో వంతే కావాలి. పెద్ద చెట్లు, లేత చెట్లు ఒకే లైను మీద ఉన్న తోటల్లో లేత చెట్ల మొదళ్లు నానిపోయేది ఇందుకే.

డ్రిప్పర్ మీద రాసిన 8 లీటర్లు నిజంగా పడుతున్నాయా? మూడు నిమిషాలు గ్లాసు పెడితే 400 మి.లీ. రావాలి. లైన్ల మొదట, మధ్యన, కొసన కలిపి 16 చోట్ల పట్టి, అన్నింటికన్నా తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించాలి. 90 శాతం దాటితే బాగున్నట్టు, 80 కిందికి దిగితే కడగాల్సిందే. కొసల్లోనే తగ్గితే ఒత్తిడి చాలడం లేదు. మామూలు డ్రిప్పర్‌లో ధార ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది, ఒత్తిడి 19 శాతం పడితే ధార 10 శాతం పడుతుంది. ఎక్కడపడితే అక్కడ తగ్గితే సున్నపు పొర పట్టి మూసుకుపోతున్నట్టు.

ఫ్లోరైడ్, పటిక

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. లీటరుకు 3 మి.గ్రా. ఉన్న బోరు నీళ్లలో 0.4 ఉన్న నీళ్లు సగం కలిపితే 1.7 అవుతుంది, చాలదు. 1కి తేవాలంటే మంచి నీళ్ల వాటా 2ను 2.6తో భాగించినంత, అంటే 77 శాతం ఉండాలి.

నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం వేస్తారు. పటిక మోతాదు ఫ్లోరైడును, నీటి క్షారతను బట్టి మారుతుంది, ల్యాబ్ పరీక్ష లేకుండా తేల్చకూడదు. లీటరుకు 500 మి.గ్రా. అని తేలితే 40 లీటర్లకు పటిక 20 గ్రాములు, సున్నం 1 గ్రాము. ఒక గ్రాము వరకే చూపే వంటింటి కాటాలో ఆ సున్నం తూకం సగానికి సగం తప్పొచ్చు. అందుకే 100 గ్రాముల పటికను కరిగించి లీటరు చేసి 200 మి.లీ. పోయాలి. 10 గ్రాముల సున్నం లీటరు నీళ్లలో కలిపి, బాగా ఊపి 100 మి.లీ. తీయాలి. సున్నం అడుగుకు దిగిపోతుంది కాబట్టి ఊపకపోతే ఆ 100లో ఏమీ ఉండదు. ముందు సున్నం, తర్వాత పటిక. ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి గంటకు పైగా కదపకుండా ఉంచి, పైనీళ్లు వడకట్టి మళ్లీ పరీక్షకు పంపాలి.

ఇప్పుడు చేతిలో ఉన్నది

పాత బాయి ఊట. వ్యాసం అడ్డంగా కొలవడం ప్రమాదం, చుట్టుకొలత తీసి 3.1416తో భాగించాలి. లోపలి వ్యాసం 6 మీటర్లయితే ప్రతి 10 సెం.మీ.కు 2827 లీటర్లు. 30 సెం.మీ. మందం గోడకు బయటినుంచి టేపు చుడితే లెక్క 21 శాతం పెరుగుతుంది. రాతిలో తవ్విన బాయి పైనుంచి కిందిదాకా ఒకే గుండ్రం కాదు, నీటిమట్టం దగ్గరి కొలతే పనికొస్తుంది.

మోటరు ఆపాక గంటగంటకు మట్టం రాయాలి. నిండు మట్టానికి ఉన్న వెలితి 240, 180, 135, 101 సెం.మీ.గా తగ్గుతుంటే అది 0.75 నిష్పత్తి గల గుణశ్రేఢి. మొదటి గంటలో దాదాపు 17,000 లీటర్లు ఊరితే మూడో గంటలో 9600 మాత్రమే. ఈ లెక్కన బాయి పూర్తిగా నిండేదాకా ఆగడం కన్నా, రోజుకు రెండుసార్లు తక్కువ తక్కువ తోడితేనే ఎక్కువ నీళ్లు దక్కుతాయి. ఎండాకాలంలో నిండు మట్టమే దిగుతుంది కాబట్టి అప్పుడు వెలితిని కొత్త మట్టం నుంచి కొలవాలి. నిష్పత్తి 0.75 దగ్గరే నిలుస్తుందో లేదో ఏప్రిల్, మే కొలతల్లో తేలుతుంది.